తీగ తప్పా... లీవర్ తప్పా?

ఉగాది సాయంత్రం. డబ్లిన్‌లో ఒక కమ్యూనిటీ హాల్. వెనక టేబుల్ మీద పులిహోర ట్రేలు, ముందు వరసలో చిన్నపిల్లల గోల. స్టేజీ మీద నేను, నా భుజానికి ఆనించుకున్న 34 తీగల హార్ప్. మొదట వాయించిన ఐరిష్ ట్యూన్ బాగానే వచ్చింది, చప్పట్లు కూడా పడ్డాయి. రెండోది పాత సినిమా పాట. పాడే అక్క శ్రుతి కోసం లీవర్లన్నీ కిందికి దించి నాలుగు తీగలు మీటాను. అంతే. అక్క నా వైపు అదోలా చూసింది. సగం తీగలు ఒక ఊళ్లో, మిగతా సగం ఇంకో ఊళ్లో ఉన్నాయి.

కంగారులో ట్యూనింగ్ కీ తీసి పిన్ను తిప్పడం మొదలెట్టాను. తీగ మీటుతున్నాను, తిప్పుతున్నాను, శ్రుతి మాత్రం కదలట్లేదు. ఇంకాస్త తిప్పాను. ఠప్! పక్క తీగ తెగింది. నేను తిప్పుతున్నది పక్కదాని పిన్నని అప్పుడు వెలిగింది. హార్ప్ వాయించేవాళ్లు తీగలు తెంపుకునే పద్ధతుల్లో ఇదే నంబర్ వన్ అట. తర్వాత తెలిసింది.

ఈ కాలమ్ రెగ్యులర్‌గా చదివేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కోడింగ్ తప్ప ఇంకేదైనా చేతికి నేర్పాలని పోయినేడాది ఓ హార్ప్ అద్దెకి తెచ్చుకున్నాను. ఆ రాత్రి బస్సులో ఇంటికెళ్తూ ఒకటే అనుకున్నాను: నాకు సంగీత జ్ఞానం లేదు, చెవి లేదు, రేపే తిరిగిచ్చేద్దాం. ఇచ్చేయలేదు. ఎందుకు ఇచ్చేయలేదో చెప్పడానికే ఈ వారం కాలమ్.

ముందు హార్ప్ సంగతి

ఐర్లండ్‌లో హార్ప్‌ని తప్పించుకుని తిరగలేం. జేబులో యూరో నాణెం తిప్పి చూడండి, హార్ప్. పాస్‌పోర్ట్ మీద హార్ప్. బీరు గ్లాసు మీద కూడా హార్పే. గిన్నిస్ కంపెనీ 1876లోనే దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుంది కాబట్టి, తర్వాత వచ్చిన ప్రభుత్వ చిహ్నంలో హార్ప్ అటువైపు తిరిగి ఉంటుంది. ఈ బొమ్మలన్నిటికీ మూలం ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉన్న బ్రయన్ బోరు హార్ప్. దాని పెట్టె భాగం ఒకే విల్లో దుంగని తొలిచి చేసింది. అద్దం వెనక దాన్ని చూడగానే నాకు గుర్తొచ్చింది బొబ్బిలి వీణ. అదీ ఒకే పనస దుంగ కదా!

పియానోలో తెల్ల మెట్లు, నల్ల మెట్లు వేరువేరుగా ఉంటాయి. హార్ప్‌లో అలా కాదు, సప్తకానికి ఏడు తీగలే. మరి మిగతా ఐదు స్వరాలు? వాటి కోసం ప్రతి తీగ పైభాగాన, మెడ దగ్గర, చిన్న లీవర్ ఉంటుంది. ఎత్తితే అది తీగని కాస్త కింద నొక్కి పట్టి పొట్టి చేస్తుంది, శ్రుతి సరిగ్గా అర స్వరం పెరుగుతుంది. దించితే మామూలే. నా హార్ప్‌లాంటివాటిని చాలామంది అన్ని లీవర్లూ దించి ఈ ఫ్లాట్‌లో శ్రుతి చేసుకుంటారు. అక్కణ్నుంచి ఒక్కో లీవర్ ఎత్తుకుంటూ పోతే ఎనిమిది మేజర్ స్కేళ్లు చేతిలో ఉన్నట్టే.

అంటే ప్రతి తీగా రెండు పరీక్షలు పాసవ్వాలి. లీవర్ దించినప్పుడు ఒకటి, ఎత్తినప్పుడు ఇంకొకటి. నేను పట్టించుకోని సంగతి ఇదే.

ఆకుపచ్చ చుట్టూ ప్రదక్షిణలు

ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంది. తీగ మీటితే ముల్లు కదులుతుంది, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. అర స్వరాన్ని 100 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక సెంట్ అంటారు. రెండు తీగలు కలిపి మోగేటప్పుడు పది సెంట్ల తేడా ఉంటే మామూలు చెవికి కూడా గుచ్చుకుంటుంది.

ఉగాదికి వారం ముందు లీవర్లు ఎత్తి ఐరిష్ ట్యూన్ ప్రాక్టీస్ చేస్తున్నాను. పైన పొట్టి తీగల్లో ఒకటి 14 సెంట్లు ఎక్కువ చూపించింది. ‘దానిదేముంది’ అని పిన్ను కాస్త వదులు చేశాను. ఆకుపచ్చ! అలాగే ఇంకో రెండు తీగలు కూడా. హాయిగా పడుకున్నాను. కానీ లీవర్ ఎత్తినప్పుడు సరి చేయడానికి పిన్ను తగ్గించానంటే, లీవర్ దించినప్పుడు అదే తీగ 14 సెంట్లు తక్కువ పలుకుతుంది. ఉగాది రోజు రెండో పాటకి లీవర్లన్నీ దించగానే బయటపడింది ఇదే.

మన భాషలో చెప్పాలంటే, ఫెయిలైన టెస్ట్ పాసవ్వడానికి అందరూ వాడే కాన్ఫిగ్ ఫైల్ మార్చేశాను. ఆ టెస్ట్ పాసైంది, ఇంకోటి పడిపోయింది. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఈ పని చేస్తే రివ్యూలో చీవాట్లు పెట్టేవాణ్ని.

మర్నాడు అమ్మకి వీడియో కాల్ చేసి, “నా వల్ల కాదే, నాకు చెవి లేదు” అన్నాను. అమ్మ పెళ్లికి ముందు విజయనగరంలో వీణ నేర్చుకుంది. “ఏదీ, వాయించు” అంది. లీవర్ దించి ఓసారి, ఎత్తి ఓసారి వాయించాను. కళ్లు మూసుకుని వింది.

“ఉత్త తీగ వాయించినప్పుడు ఒకలా, ఆ ఇనప ముక్క ఎత్తినప్పుడు ఒకలా ఉందేట్రా. తీగ తప్పయితే రెండుచోట్లా ఒకేలా తప్పాలి కదా. నీ చెవికేం కాలేదు. మెట్టు జరిగింది చూడు.”

అమ్మకి లీవర్ అంటే తెలీదు. కానీ వీణకి మైనంలో కూర్చిన 24 ఇత్తడి మెట్లుంటాయి. ఎండలకి మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది. అప్పుడు బిరడ ఎంత తిప్పినా ఉత్త తీగ పాడవుతుందే తప్ప మెట్టు దగ్గర స్వరం బాగుపడదు. మైనం తీసి మెట్లు మళ్లీ కూర్చాల్సిందే. ఐర్లండ్‌లో ఆరువారాలుగా నాకు దొరకని బగ్, విజయనగరంలో నలభై ఏళ్ల కిందటి అనుభవానికి అరనిమిషంలో దొరికింది.

మొదటి లేయర్: పిన్ను

అప్పుడు మొదలెట్టాను అసలు చదవడం. హార్ప్ శ్రుతి మూడు చోట్ల తేడా కొడుతుంది. మొదటిది పిన్ను.

గిటార్‌లో తీగ బిగించే చోట చిన్న గేర్ ఉంటుంది. మనం 14 సార్లో 18 సార్లో తిప్పితే లోపల ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే నెమ్మదిగా, కచ్చితంగా సరిచేసుకోవచ్చు. హార్ప్‌లో ఆ సుఖం లేదు. ఉత్త లోహపు పిన్ను, చెక్కలో రంధ్రం. కీ ఎంత తిరిగితే పిన్ను అంత తిరుగుతుంది. తీగ జారిపోకుండా ఆపేది చెక్కకీ లోహానికీ మధ్య ఉన్న రాపిడి ఒక్కటే.

ఈ పిన్నుల్లో రెండు రకాలు. ఒకటి కొద్దిగా కోసుగా, శంకువులా ఉండి మెడలో ఆ పక్కనుంచి ఈ పక్కకి వచ్చేది. వదులైతే తిప్పుతూ లోపలికి నొక్కితే చాలు, మళ్లీ బిగుసుకుంటుంది. మన వీణ బిరడ సూత్రం అచ్చంగా ఇదే. వీణవాళ్లు బిరడకి సుద్ద రాసి, తిప్పుతూ లోపలికి నొక్కడం చూసే ఉంటారు. రెండో రకం మీద సన్నని మర ఉంటుంది, స్క్రూలా మెడలోకి దిగుతుంది, అటు వైపుకి రాదు. కొత్తలో పట్టు బాగా ఉంటుంది. కానీ ఏళ్లు గడిచి రంధ్రం అరిగితే నొక్కి సరిచేయడం కుదరదు. కాస్త లావు పిన్ను వేయాల్సిందే. మొదటిది యూజర్ తనే రిపేర్ చేసుకునే డిజైన్, రెండోది సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లే డిజైన్ అన్నమాట.

చిన్న తేడాలకి వీణలో ఇంకో తెలివైన ఏర్పాటుంది. తీగ అవతలి కొసన ఉండే లంగర్లు. బిరడతో దగ్గరికి తెచ్చి, లంగరు జరిపి మిగతా పిసరు సరిచేస్తారు. కోర్స్ కంట్రోల్ ఒకటి, ఫైన్ కంట్రోల్ ఒకటి. హార్ప్‌కి రెండోది లేదు.

ఇంకో సంగతి. మన అమరావతి శిల్పాల్లో కనిపించే వీణ ఇప్పటి వీణలా ఉండదు. విల్లులా వంగిన హార్ప్ అది. ఆ జాతి వాద్యం ఇప్పటికీ బతికున్నది మయన్మార్‌లో, పేరు సాంగ్. దానికి సంప్రదాయంగా పిన్నులు ఉండవు. తీగల్ని వంపు కర్రకి ఎర్రటి నూలు తాళ్లతో చుడతారు, ఆ తాళ్లని మెలితిప్పి శ్రుతి చేస్తారు. ఈ మధ్య వాటికి గిటార్ గేర్లు కూడా పెడుతున్నారు. తాడు నుంచి గేర్ వరకు, అందరి సమస్యా ఒకటే: లాగిన తీగ లాగినచోటే ఆగాలి.

రెండో లేయర్: లీవర్

నా బగ్ ఇక్కడిది. కాస్త లెక్క చూద్దాం, భయపడకండి.

అర స్వరం పెరగాలంటే తీగ పొడవు దాదాపు 5.6 శాతం తగ్గాలి. మీటరు పొడవున్న తీగకి లీవర్ పైనుంచి 5.6 సెంటీమీటర్ల దగ్గర నొక్కాలి. 20 సెంటీమీటర్ల పొట్టి తీగకి 1.1 సెంటీమీటర్ దగ్గర. ఇప్పుడు రెండు లీవర్లూ ఒక్క మిల్లీమీటర్ కిందికి జరిగాయనుకోండి. పొడవు తీగలో తేడా 2 సెంట్లు కూడా రాదు, ఎవరికీ తెలీదు. పొట్టి తీగలో 9 సెంట్లు వస్తుంది. తప్పు ఒకటే, పొట్టి తీగకి శిక్ష ఐదింతలు. నా 14 సెంట్లకి కావాల్సింది ఒకటిన్నర మిల్లీమీటర్ మాత్రమే. ఇయర్‌ఫోన్ వైరు మందం కూడా ఉండదు.

దూరం ఒక్కటే కాదు. లీవర్ తీగని నొక్కినప్పుడు దాన్ని కాస్త సాగదీస్తుంది కూడా. సాగితే బిగువు పెరుగుతుంది, శ్రుతి ఇంకొంచెం పైకి పోతుంది. ఎంత పోతుందనేది తీగ మందాన్ని బట్టి ఉంటుంది. అందుకే మంచి తయారీదారులు ఏ తీగ ఏ మందంలో ఉండాలో చార్ట్ ఇస్తారు. దానికి తగ్గట్టే లీవర్లు బిగిస్తారు. చార్ట్ వదిలేసి చేతికి దొరికిన తీగ వేస్తే లీవర్ లెక్క తప్పుతుంది.

లీవర్ పైన బ్రిడ్జ్ పిన్ను అని ఇంకో చిన్న ముక్క ఉంటుంది. తీగ మోగే పొడవు మొదలయ్యేది అక్కడే. అది తీగని మెడకి ఎంత దూరంగా పట్టి ఉంచాలో కూడా చూసుకోవాలి. మరీ దగ్గరైతే లీవర్ దించి ఉన్నా తీగ దానికి తగిలి బుర్రుమంటుంది. మరీ దూరమైతే ఎత్తినప్పుడు పట్టు చాలదు, స్వరం చచ్చినట్టు వస్తుంది.

మంచి విషయం ఏంటంటే, చాలా లీవర్లకి స్క్రూ పట్టే రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది. స్క్రూ వదులు చేసి లీవర్‌ని పైకో కిందికో కాస్త జరిపి బిగించొచ్చు. తప్పు జరుగుతుందని డిజైనర్‌కి ముందే తెలుసు, సరిచేసుకోడానికి చోటు వదిలాడు. మంచి హార్డ్‌వేర్ అంటే తప్పు రానిదే అనుకునేవాణ్ని. ఆ కోల రంధ్రం చూశాక అభిప్రాయం మారింది.

కాళ్లకి పని చెప్పిన కథ

ఈ లీవర్ల వెనక మూడువందల ఏళ్ల కష్టం ఉంది. పాత ఐరిష్ హార్ప్‌లకి లీవర్లే లేవు. స్కేల్ మార్చాలంటే తీగలు మళ్లీ శ్రుతి చేయాలి. 17వ శతాబ్దంలో యూరప్‌లో మెడకి చిన్న కొక్కేలు పెట్టారు. చేత్తో కొక్కెం తిప్పితే తీగని నొక్కుతుంది. కానీ పాట మధ్యలో చెయ్యి ఎక్కడ ఖాళీ? 1720 ప్రాంతంలో బవేరియాలో యాకోబ్ హోఖ్‌బ్రుకర్ ఆ పనిని కాళ్లకి అప్పగించాడు. కింద పెడల్ తొక్కితే లోపలి కడ్డీలు పైనున్న కొక్కేలని లాగుతాయి. ఐడియా బ్రహ్మాండం, కానీ కొక్కెం తీగని పక్కకి లాగేసేది. తీగ వరస తప్పేది, తొందరగా తెగేది.

దాన్ని సరిచేసినవాడు పారిస్‌కి చెందిన సెబాస్టియన్ ఎరార్. 1794లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. కొక్కెం బదులు గుండ్రటి డిస్క్, దాని మీద రెండు ముళ్లు. తీగ వాటి మధ్య నుంచి తగలకుండా వెళ్తుంది. డిస్క్ తిరిగితే రెండు ముళ్లూ రెండు పక్కల నుంచి తీగని పట్టుకుంటాయి. తీగ ఉన్నచోటే ఉంటుంది. 1810లో తీగకి రెండేసి డిస్కులు పెట్టి, పెడల్‌కి మూడు మెట్లు ఇచ్చాడు: ఫ్లాట్, నాచురల్, షార్ప్. ఇప్పుడు ఆర్కెస్ట్రాల్లో కనిపించే 47 తీగల, 7 పెడళ్ల హార్ప్ మూలసూత్రం ఈరోజుకీ అదే.

పోటీ రాలేదా అంటే వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో ప్లేయెల్ కంపెనీ పెడళ్లే వద్దని, పన్నెండు స్వరాలకీ విడివిడి తీగలు పెట్టి, రెండు వరసలు అడ్డంగా దాటేలా హార్ప్ చేసింది. ప్రచారానికి 1904లో డెబ్యుసీతో ఒక రచన చేయించుకుంది. ఎరార్ కంపెనీ ఊరుకుంటుందా? మరుసటేడాది రవెల్‌తో ఇంకోటి చేయించింది. ఇవాళ ఆ రెండు రచనలూ పెడల్ హార్ప్ మీదే వాయిస్తున్నారు. ఫోన్ల యుద్ధాలు కొత్తవేం కాదు బాస్!

అలాగని పెడల్ హార్ప్‌కి రోగాలు లేవని కాదు. పెడల్ ఆనే చోట మెత్తటి ఫెల్ట్ ఉంటుంది. అది నలిగితే పెడల్ ప్రయాణం మారుతుంది. డిస్క్ పూర్తిగా తిరగదు, తీగ బుర్రుమంటుంది. అందుకే ఏడాదికోసారో రెండేళ్లకోసారో టెక్నీషియన్‌ని పిలిచి మొత్తం సరిచూపిస్తారు. ఈ పనిని రెగ్యులేషన్ అంటారు. శ్రుతి చేయడం రోజూ వాయించేవాడి పని. రెగ్యులేషన్ వేరే పని. ఈ రెండిటి తేడా తెలియకే నేను ఉగాది రోజు పరువు పోగొట్టుకున్నాను.

మూడో లేయర్: చెక్క

పిన్ను, లీవర్ రెండూ బాగున్నా శ్రుతి కదులుతూనే ఉంటుంది, ఎందుకంటే కింద చెక్క కదులుతోంది. పెద్ద పెడల్ హార్ప్ మీద తీగలన్నీ కలిపి లాగే బరువు సుమారు 900 కిలోలు. ఒక చిన్న కారు బరువుని నిలువుగా నిలబెట్టిన చెక్క ఫ్రేమ్ రాత్రింబవళ్లు మోస్తోంది. పైగా తీగలన్నీ మెడకి ఒకే పక్కన ఉంటాయి, అందుకే మెడ ఏళ్ల తరబడి మెల్లగా ఆ పక్కకి ఒరుగుతుంది. కింద సౌండ్‌బోర్డ్ పొట్టలా పైకి ఉబ్బుతుంది. రెండూ జరిగినకొద్దీ తీగల పొడవులు మారతాయి. పొడవు మారితే లీవర్ లెక్క మారుతుంది. ఒకటి కదిలితే రెండోది కదలాల్సిందే.

అందుకే మెడని ఒకే చెక్కతో కాకుండా పొరలు అతికించి చేస్తారు, గట్టి మేపుల్ వాడతారు. కొందరు కార్బన్ ఫైబర్‌తోనే చేస్తున్నారు. అది తేమకి ఉబ్బదు, హీటర్ వేడికి ఎండదు. మామూలు చెక్క హార్ప్‌ని మాత్రం హీటర్ పక్కన పెట్టకూడదు. నేను పెట్టాను. ఆ సంగతి అమ్మకి చెప్పొద్దు.

ఫిక్స్

చివరికి రెగ్యులేషన్ తెలిసిన ఒక పెద్దాయన్ని పిలిచాను. రాగానే పిన్ను ముట్టుకోలేదు. లీవర్లన్నీ దించి ఉత్త తీగలు శ్రుతి చేశాడు. తర్వాత ఒక్కో లీవర్ ఎత్తి యాప్ చూశాడు, కాగితం మీద రాసుకున్నాడు. పైనున్న మూడు పొట్టి తీగలు వేళ్లతో తడిమి నవ్వాడు. “ఇవి చార్ట్‌లో ఉన్న తీగలు కావు.” నాకంటే ముందు అద్దెకి తీసుకున్నవాళ్లెవరో తెగినచోట లావు తీగలు వేసేశారు. లావు తీగ, లీవర్ నొక్కితే ఎక్కువ సాగుతోంది, శ్రుతి పైకి పోతోంది. ఆ మూడూ మార్చాడు. నైలాన్ కాబట్టి కొన్నాళ్లు సాగుతాయి, రోజూ శ్రుతి చేసుకోమన్నాడు. ఇంకో నాలుగు లీవర్లు చిటికెడు జరిపాడు. రెండు గంటల పని.

వెళ్లేముందు అడిగాను, “అయితే నా చెవి బాగానే ఉందా?” అని. “తేడా వినపడబట్టే కదా నన్ను పిలిచావు” అన్నాడు.

ఆ మాట నాకు హార్ప్ కంటే ఎక్కువ పనికొచ్చింది. ఆరువారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రాక్టీస్ చాల్లేదనుకున్నాను, వయసైపోయిందనుకున్నాను, ఇదంతా పుట్టుకతో రావాలనుకున్నాను. తప్పు మాత్రం ఎవరో వేసిన మూడు లావు తీగల దగ్గర ఉంది. ఆఫీసులోనూ ఇంతే. ప్రాజెక్ట్ ఆలస్యమైతే ముందు మనల్ని మనమే బిగిస్తాం. రాత్రిళ్లు మేలుకుంటాం, ఇంకా బిగిస్తాం. బిగించకూడని పిన్ను ఎంత తిప్పినా తెగేది తీగే.

పోయిన ఆదివారం ఆ అక్క మా ఇంటికొచ్చింది. అదే సినిమా పాట, లీవర్లన్నీ దించి వాయించాను. ఈసారి నా వైపు చూడలేదు. కళ్లు మూసుకుని పాడింది.

ఈ వారం హోంవర్క్

మీ ఇంట్లో గిటార్ ఉందా? ఉత్త తీగ యాప్‌లో ఆకుపచ్చ వచ్చేలా శ్రుతి చేయండి. తర్వాత అదే తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి వాయించి మళ్లీ యాప్ చూడండి. అక్కడా ఆకుపచ్చే వస్తే అదృష్టవంతులు. ఎరుపు వస్తే బిరడ జోలికి వెళ్లకండి. తీగ పాతదా, సరైన మందమేనా, కింద బ్రిడ్జ్ జరిగిందా, ఈ వరసలో చూడండి. వీణ ఉంటే ఇంకా మంచిది. అమ్మనో అమ్మమ్మనో పిలిచి వినమనండి. యాప్ కంటే ముందే చెప్పేస్తారు.